బ్యాండు పెడుతున్న మేనకోడలికి గ్లాస్గో మావయ్య ఉత్తరం

చిరంజీవి సాహితికి గ్లాస్గో నుంచి మావయ్య ఆశీర్వదించి రాయునది.

మీ అమ్మ ఫోను చేసి, నువ్వు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశావనీ, నలుగురు స్నేహితులతో కలిసి సొంతంగా రాసుకున్న తెలుగు పాటలతో ఆల్బమ్ తీసుకురాబోతున్నావనీ చెప్పింది. సంగతి చెప్పడానికి చేసిందో, నన్ను నీమీదికి ఉసిగొల్పడానికి చేసిందో నాకు తేలలేదు. విన్నంతసేపూ గర్వంగానే ఉంది. ఫోను పెట్టేశాక భయం మొదలైంది. నేను పాడేవాణ్ణీ కాదు, వాయించేవాణ్ణీ కాదు. ఈ ఊళ్లోని చిన్న చిన్న బ్యాండ్లకూ, వాటి రికార్డులు విడుదల చేసే బుల్లి లేబుళ్లకూ లెక్కలు రాసిపెట్టి రిటైరైన ఎకౌంటెంటుని. కాబట్టి శ్రుతిలయల జోలికి పోను. పాట మీద వచ్చిన డబ్బు ఏ దారిన పోతుందో చూసినవాణ్ణి గనుక ఆ మేరకే రాస్తాను.

“మావయ్య వాళ్ల ఊరి బెల్ అండ్ సెబాస్టియన్‌లాగా మేమూ చార్టులకెక్కుతాం” అన్నావట. మంచి బ్యాండునే ఎంచుకున్నావు. కానీ వాళ్లు చార్టులకు, అంటే వారం వారం అమ్మకాలను బట్టి వేసే ఆ జాబితాలకు, ఎక్కిన తీరు నీకు పూర్తిగా తెలిసినట్టు లేదు. అందుకే మొదటినుంచీ చెబుతాను, ఓపిగ్గా చదువు.

ఆ బ్యాండుకు పాటలు రాసి పాడే స్టూవర్ట్ మర్డాక్ క్రానిక్ ఫటీగ్ అనే విడవని నీరసపు జబ్బుతో ఏళ్ల తరబడి ఇంటిపట్టునే ఉండిపోయిన మనిషి. ఆ రోజుల్లోనే పాటలు కట్టడం మొదలుపెట్టాడు. కాస్త తేరుకున్నాక, ఉద్యోగాలు లేని సంగీతకారుల కోసం నడిపిన ఒక శిక్షణ తరగతిలో స్టూవర్ట్ డేవిడ్‌ని కలుసుకున్నాడు. వాళ్లిద్దరి డెమోలు, అంటే నమూనా రికార్డింగులు, స్టో కాలేజీలో సంగీత వ్యాపారం పాఠం చెప్పే అలన్ రాంకిన్ చేతికి వెళ్లాయి. ఆ కోర్సు విద్యార్థులు ఎలెక్ట్రిక్ హనీ అనే లేబుల్ పేరిట ఏటా ఒక సింగిల్, అంటే ఒక్క పాట రికార్డు, విడుదల చేయడం ఆనవాయితీ. వీళ్ల దగ్గర పాటలు దండిగా ఉండడంతో ఆ ఏడు ఏకంగా ఎల్పీయే, అంటే పూర్తి ఆల్బమే, తీశారు. 1996 జూన్‌లో వచ్చిన ఆ ‘టైగర్‌మిల్క్’ వెయ్యి వినైల్ ప్రతులు మాత్రమే వేశారు. తరువాత అవి చేతులు మారి ఒక్కొక్కటి వందల పౌండ్లు పలికాయి, ఆ లాభమంతా అమ్ముకున్నవాళ్లదే. వెయ్యే వేయడం పొరపాటని అప్పట్లో చాలామంది అన్నారు. నేను మాత్రం అననమ్మా. కాలేజీ విద్యార్థులు తమ తాహతుకు తగినన్నే వేశారు, గోదాములో సరుకు మిగల్లేదు, అప్పు మిగల్లేదు. 1999లో అదే ఆల్బమ్‌ను తిరిగి విడుదల చేస్తే, మూడేళ్ల పాత రికార్డు బ్రిటన్ ఆల్బమ్ చార్టులో 13వ స్థానంలో నిలిచింది.

మధ్యలో జరిగినదే నువ్వు జాగ్రత్తగా చూడవలసినది. 1996 నవంబరులో జీప్‌స్టర్ అనే చిన్న లేబుల్ ద్వారా వచ్చిన రెండో ఆల్బమ్ ‘ఇఫ్ యూ ఆర్ ఫీలింగ్ సినిస్టర్’ చార్టులో చెప్పుకోదగ్గ చోట కనబడనే లేదు. ఈనాడు వాళ్ల రికార్డుల్లో ఉత్తమమైనది ఏదని అడిగితే ఎక్కువమంది దాని పేరే చెబుతారు. 1997లో మూడు ఈపీలు, అంటే ఆల్బమ్ కంటే చిన్న రికార్డులు, వచ్చాయి. చార్టులో మొదటిది 59వ స్థానం, రెండోది 41, మూడోది 32. ఆ 41 దగ్గర ఒక్క క్షణం ఆగు. ‘లేజీ లైన్ పెయింటర్ జేన్’ అనే ఆ పాటను ఇక్కడ ఇప్పటికీ జనం గొంతెత్తి పాడతారు, కానీ ఆ రోజుల్లో ఆదివారం సాయంత్రం రేడియోలో చదివింది మొదటి నలభయ్యే గనుక అది ఒక్క మెట్టు కింద ఉండిపోయింది. ఆ ఒక్క మెట్టు వల్ల పాట తక్కువదైపోలేదు. ఇంకో మెట్టు పైకెక్కి ఉంటే గొప్పదీ అయ్యేది కాదు.

1998లో ‘ద బాయ్ విత్ ది అరబ్ స్ట్రాప్’ 12వ స్థానానికి చేరింది. మరుసటి ఏడు అభిమానుల ఓట్లతో బ్రిట్ అవార్డుల్లో ఉత్తమ నూతన బృందంగా గెలిచి, అప్పటికి ఊరంతా మారుమోగుతున్న స్టెప్స్ బృందాన్ని ఓడించారు. ఓట్ల మీద రగడ కూడా జరిగింది. ఇంటర్వ్యూలకు పిలిస్తే రాని, ఫోటోలకు నిలబడని బృందానికి ఈ బహుమతి రావడం మాకందరికీ వింతగానే తోచింది.

సింగిల్స్ సంగతి చెబితే నీకు నవ్వొస్తుంది. 2000లో ‘లీగల్ మ్యాన్’ 15, 2004లో ‘ఐ యామ్ ఎ కుకూ’ 14, 2006 జనవరిలో ‘ఫన్నీ లిటిల్ ఫ్రాగ్’ 13. ఆరేళ్లలో రెండు మెట్లు ఎక్కారు, అంతకు పైకి ఏ సింగిలూ పోలేదు. ఆల్బమ్‌లలో 2000 నాటిది 10వ స్థానం. తరువాత 2003లో, భారీ మెరుగులకు పేరుపడ్డ ట్రెవర్ హార్న్‌ను నిర్మాతగా పెట్టుకుని తీసిన ‘డియర్ కెటాస్ట్రఫీ వెయిట్రెస్’ 21 దగ్గరే ఆగింది, ఏటి ఉత్తమ ఆల్బమ్‌కిచ్చే మెర్క్యురీ బహుమతి తుది జాబితాకు ఎక్కినా సరే. పేరున్న మనిషి చేతిలో పెట్టినంత మాత్రాన చార్టులో పైకి పోతామన్న హామీ లేదని ఆ అంకె చెబుతోంది. 2006లో ‘ద లైఫ్ పర్‌స్యూట్’ 8, 2010లో ‘రైట్ అబౌట్ లవ్’ మళ్లీ 8, 2015లో 11, 2022లో ‘ఎ బిట్ ఆఫ్ ప్రీవియస్’ మళ్లీ 8. అమెరికాలో 2006లో 65వ స్థానంలో ఉన్నవాళ్లు 2010లో 15కి వెళ్లారు. ఒక్కసారి కూడా మొదటి స్థానం ముఖం చూడని బ్యాండు పాతికేళ్లు దాటినా రికార్డులు చేస్తూనే ఉంది. ఆ మధ్యలో స్టూవర్ట్ డేవిడ్ వెళ్లిపోయాడు, సెల్లో వాయించి పాడే ఇసోబెల్ క్యాంప్‌బెల్ 2002లో వెళ్లిపోయింది. రికార్డులు మాత్రం ఆగలేదు.

ఎంసెట్ ర్యాంకు చూసి మార్కులు చెప్పలేనట్టే, చార్టు స్థానం చూసి ఎన్ని ప్రతులు అమ్ముడయ్యాయో చెప్పలేం. ఆ వారం పక్కవాడు ఎంత అమ్మాడన్నదాని మీద అది ఆధారపడుతుంది. కొత్త విడుదలలు పలచగా ఉండే జనవరిలో 13వ స్థానానికి చాలిన అమ్మకం క్రిస్మస్ ముందు వారంలో ఎక్కడో అడుగున తేలుతుంది. 2014 జూలై నుంచి ఇక్కడి సింగిల్స్ చార్టు స్ట్రీమింగును కూడా కలిపింది. ఆనాటి లెక్క ప్రకారం పాటను వందసార్లు వింటే ఒక్క ప్రతి కొన్నట్టు. నీ పాటను లక్షమంది విన్నారని ఫోనులో స్క్రీన్‌షాట్ తీసి పంపేముందు ఆ లెక్క గుర్తు చేసుకో.

ఇక చేయవలసిన పనులు. స్టూడియోకి వెళ్లేముందే పాటలన్నీ బాగా సాధన చెయ్యండి. ప్రతి రికార్డింగుకీ ఐఎస్‌ఆర్‌సీ అనే గుర్తింపు సంఖ్య తీసుకోండి. పాటల ఫైళ్లు రెండు చోట్ల దాచండి. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది చెబుతాను. తొంభైలలో నా దగ్గరికి ఒక బృందం వచ్చేది. పేరు చెప్పను, వాళ్లిప్పుడు వేరే వేరే పనుల్లో ఉన్న పెద్దమనుషులు. నలుగురూ కాలేజీ స్నేహితులే, మీలాగే. వాళ్ల సింగిల్ ఒక వారం ముప్పైల్లోకి వచ్చింది. చార్టు అచ్చయిన పేజీ కత్తిరించుకుని నా బల్ల మీద పెట్టి, వ్యాను కొనుక్కుంటున్నామని చెప్పారు. వాయిదాల మీద, డ్రమ్మర్ పేరిట. డబ్బు వచ్చాక కొనమన్నాను, వచ్చినట్టే కదా అన్నారు. మరుసటి వారం పాట చార్టులో 75 దాటి కిందికి పడిపోయింది.

ఆరు నెలలకు లేబుల్ నుంచి లెక్కల పత్రం వచ్చింది. కీబోర్డు వాయించే అమ్మాయి నా ఎదురుగా కూర్చుని ఒక్కొక్క వరుస కింద వేలు జరుపుకుంటూ చదివింది. అమ్మకాలు బాగానే ఉన్నాయి. ఆ కింద రికార్డింగు ఖర్చు, వీడియో ఖర్చు, ప్రయాణాలకిచ్చిన సొమ్ము, ప్యాకింగ్ కోత. అట్టడుగున ఒక పెద్ద అంకె, దాని ముందు చిన్న గీత. వేలు అక్కడే ఆపి, “ఇది గీతా, మైనస్సా?” అని అడిగింది. మైనస్సేనని నేనే చెప్పవలసి వచ్చింది.

అంతటితో పోయినా బాగుండేది. రేడియోలో పాట మోగిన ప్రతిసారీ దాన్ని రాసినవాళ్లకు ఇక్కడ వేరే సొమ్ము వస్తుంది. లేబుల్ అడ్వాన్సుతో దానికి సంబంధం లేదు. ఆ పాటను నమోదు చేసినప్పుడు కాగితం నింపింది గాయకుడు, రాసింది తన పేరొక్కటే. దురుద్దేశంతో కాదు, మాటలు తనవి గనుక పాట తనదేననుకున్నాడు. జనం ఈలవేసే ఆ మొదటి స్వరాల వరుస మాత్రం కీబోర్డు అమ్మాయిది. చెక్కు ఒక్కడి ఇంటికే పోయింది. పెద్ద మొత్తం కాదు, కొన్ని నెలల ఇంటద్దె అంత. తక్కిన ముగ్గురూ వ్యాను వాయిదాలు కట్టలేక అవస్థ పడుతున్నప్పుడు ఆ కాస్త సొమ్ము కొండంతగా కనబడింది. మాటలు ఆగిపోయాయి. రెండో ఆల్బమ్‌కని కట్టుకున్న పాటలు రికార్డే కాలేదు. మొదటి దాని మాస్టర్లు, అంటే అసలు రికార్డింగులు, లేబుల్ దగ్గరే ఉండిపోయాయి. వాళ్లు ఆ డిస్కు అమ్మకం ఆపేశాక వీళ్లు తమ పాటను తామే మళ్లీ విడుదల చేసుకోలేకపోయారు. ఒక సాయంత్రం నలుగురూ కూర్చుని ఏ పాటలో ఎవరి వాటా ఎంతో రాసుకుని ఉంటే ఇదంతా లేదు.

ఈ కథ ఎందుకు చెప్పానో నీకర్థమయ్యే ఉంటుంది. మీ ఐదుగురూ ఇప్పుడు ఒకరి కంచంలో ఒకరు తింటున్నారు గనుక ఇప్పుడే రాసుకోండి. పాట వారీగా మాటలు, బాణీ ఎవరివి, వాటాలెంత, ఎవరైనా వెళ్లిపోతే బ్యాండు పేరు ఎవరిది, మాస్టర్లు ఎవరివి. అక్కడ మాటలు రాసినవాళ్లూ బాణీ కట్టినవాళ్లూ, వాళ్లకు రాయల్టీ వసూలుచేసి పంచే ఐపీఆర్ఎస్ అనే సంస్థలో సభ్యులుగా చేరి అవే వాటాలతో పాటలు నమోదు చేయించండి. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించాక, సౌండ్ రికార్డింగులోకి వెళ్లిన పాట మీద రచయితకూ స్వరకర్తకూ రావలసిన రాయల్టీ వాటాను కంపెనీ రాయించేసుకోవడానికి వీల్లేదు; ఎవరైనా అలాంటి కాగితం ముందుపెడితే సంతకం చేయకు.

అడ్వాన్సు అనే మాట వినగానే మురిసిపోకు. ఒక లేబుల్ మీకు పది లక్షలు అడ్వాన్సు ఇచ్చి, రాబడిలో మీ వాటా పదిహేను శాతమని రాసిందనుకో. ఆ పది లక్షలు మొత్తం రాబడిలోంచి కాదు, మీ పదిహేను శాతంలోంచే తీరాలి. అంటే వాళ్లకు దాదాపు అరవై ఏడు లక్షలు వచ్చేదాకా మీకు కొత్తగా ఒక్క రూపాయి రాదు. ఆ లోపల వాళ్లు నష్టపోయారని కూడా అనలేం. చేతనైనంత వరకు సొంత డబ్బుతో, తక్కువలో, నాలుగు పాటలు ముందు చేసుకోండి. నేను చెప్పిన ఆ మూడు ఈపీల పాటల్లో దాదాపు ఏవీ అప్పట్లో ఆల్బమ్‌లలో చేర్చలేదు. 2005లో అవీ ఆ తరువాతి సింగిల్సూ కలిపి ‘పుష్ బార్‌మన్ టు ఓపెన్ ఓల్డ్ వూండ్స్’ అనే జంట డిస్కుగా తెస్తే కొత్త తరం వాటిని కొత్తగా విన్నది. 59వ స్థానపు పాటకు కూడా రెండో కాన్పు ఉంటుంది, రికార్డింగు అందుబాటులో ఉంటే.

రాజీనామా విషయంలో నిన్ను తిట్టాలనే కూర్చున్నాను. ఒక్క పాటైనా పూర్తికాకముందే ఉద్యోగం మానేయడం ఏం తెలివి? మర్డాక్ ఈ ఊళ్లోనే హైండ్‌లండ్ పేటలో ఒక చర్చి హాలు చూసుకునే పనిలో ఉండి, దాని పైనే కాపురముంటూ ఈ రికార్డులు చేశాడు. పేరు వచ్చాక కూడా ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాడు. నీ నోటీసు గడువు ఇంకా ముగియకపోతే మీ మేనేజరుతో మాట్లాడి, సగం రోజుల పని దొరుకుతుందేమో అడుగు. అడగడానికి మొహమాటమెందుకు? కాకినాడలో మా ఇంటికొచ్చి, నా ఆఫీసు డిక్టేషన్ టేపు మీద అడక్కుండానే నీ పాట రికార్డు చేసినదానివి, అప్పుడు లేని మొహమాటం ఇప్పుడేమిటి? ఒక క్లయింటు ఆదాయపు పన్ను వివరాల మధ్యలో నీ గొంతు వినబడి ఆఫీసంతా నవ్వారు. ఆ టేపు నా దగ్గరే ఉంది కనుక ఆ మాస్టర్ నాది, నీ వాటా సంగతి తరువాత మాట్లాడుకుందాం.

ఇంకో భయం ఉంది, అది లెక్కలది కాదు. నీకు చిన్నప్పటినుంచీ ఆయాసం. రాత్రంతా ఏసీ గదిలో రికార్డింగు పెట్టుకుని, తెల్లవారి ఇరానీ చాయ్‌తో సరిపెట్టుకుంటే కుదరదు. జబ్బుపడి లేచి పాటలు కట్టినవాడి కథ వినడానికి బాగుంటుంది, ఆ జబ్బు మా ఇంటి పిల్లకు వద్దు. ఇన్‌హేలర్ సంచిలో పెట్టుకో. లేదంటే ఆ సంగతి కూడా ఒప్పందంలో రాయిస్తాను.

స్టూడియోకి డబ్బు కట్టకముందే వాటాల కాగితం తయారుచేసి, ఐదుగురి సంతకాలతో స్కాన్ తీసి నాకు పంపు. మీ అమ్మకు నేను నచ్చజెప్పుకుంటాను. మిక్సింగుకయ్యే ఖర్చు నేను భరిస్తాను. అది అప్పు కాదు, అడ్వాన్సు అంతకన్నా కాదు. మీ పదిహేను శాతంలోంచి నాకేమీ రానక్కర్లేదు.

ఆశీస్సులతో,
మావయ్య