ఘాట్ దిగాలంటే మోడల్ టికి ఏ బ్రేకులు?

ప్రశ్న: మా తాతగారి పాత ఫోర్డ్ మోడల్ టి కారును మళ్లీ రోడ్డెక్కించాం. వెనక ఇరుసులో పాత రక్‌స్టెల్ రెండు స్పీడుల గేరు ఉంది. దోమలపెంట ఘాట్ దిగి శ్రీశైలం వెళ్లాలని ఉంది. ఉన్న బ్రేకులు చాలవా?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: చాలవు తమ్ముడూ, ఇప్పుడున్నట్టు మాత్రం దిగొద్దు. మోడల్ టిలో కాలి బ్రేకు చక్రాలను పట్టుకోదు, గేర్‌బాక్స్‌లోని డ్రమ్మును పట్టుకుంటుంది. ఆ పట్టు షాఫ్ట్ మీదుగా, ఇరుసు మీదుగా చక్రాలకు చేరాలి. రక్‌స్టెల్ గేరు మారుస్తుంటే మధ్యలో ఏ గేరూ పడని న్యూట్రల్‌లో చిక్కుకుందనుకోండి, ఇంజన్ పట్టూ పోతుంది, కాలి బ్రేకూ పోతుంది. ఇక మిగిలేది చేతి బ్రేకు. నిలబెట్టిన బండి కదలకుండా ఉండటానికి అది సరే, ఈగలపెంట దాటాక వచ్చే వాలులో దాన్ని నేను నమ్మను.

అందుకే ఆ రోజుల్లోనే రాకీ మౌంటెన్ బ్రేకులు అమ్మేవారు. వెనక చక్రాల డ్రమ్ముల చుట్టూ బయటి నుంచి బిగుసుకునే పట్టీలవి. ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి, ముందు అవి వేయించండి. వానలో తడిస్తే, వెనక్కి దొర్లుతుంటే వాటి పట్టు తగ్గుతుందని గుర్తుంచుకోండి.

ఇరుసు విప్పించడం కూడా తప్పనిసరి. లోపల పాత బాబిట్ (మెత్తని మిశ్రమలోహం) థ్రస్ట్ వాషర్లు, అంటే పళ్లచక్రాల పక్క ఒత్తిడిని మోసే బిళ్లలు, ఉంటే అవి పొడైపోయి పళ్లచక్రాలు విడిపోతాయి, కంచువి వేయించండి. పాత బ్రేకు లైనింగ్ దుమ్ములో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవమని మెకానిక్‌కు చెప్పండి.

ఘాట్ మొదలయ్యే ముందే బండి ఆపి, లో గేరు వేసుకుని దిగండి.