ఏడు పొరల సంగతి తర్వాత, ముందు ఒక్క ప్యాకెట్ వెంట నడువు

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. క్లాసులో నెట్‌వర్క్ పనిని ఏడు అంతస్తులుగా విడదీసి చూపే ఓఎస్ఐ నమూనాలోని ఏడు పొరల పేర్లూ వరసగా చెప్పమన్నారట, నాలుగోది పలికేసరికి ఆరోది మర్చిపోతున్నావట, ఈ సబ్జెక్ట్ నా వల్ల కాదు బాబాయ్ అంటున్నావు. పాతికేళ్ళకు పైగా ఈ తీగల మధ్యే బతికాను కదా, ఒక్క రోజు కూడా నన్నెవరూ ఐదో పొర పేరేమిటని అడగలేదు. నెట్ రావట్లేదు, ఎందుకో చూడు అనే అడిగారు. పరీక్షకు ఆ పేర్లు కావాలి కాబట్టి ముందు రోజు రాత్రి బట్టీ పట్టుకో, నేనేం కాదనను. కానీ సబ్జెక్టులోకి ఆ గుమ్మం నుంచి మాత్రం అడుగుపెట్టకు. మనం వాడే ఇంటర్నెట్‌ను ఆ ఏడు పొరల బొమ్మ చూసి కట్టలేదు. ఇంటర్నెట్‌కు ముందున్న నెట్‌వర్క్ ఆర్పానెట్ 1983 జనవరి 1నే టీసీపీ, ఐపీ అనే నియమాలకు మారిపోయింది, ఏడు పొరల నమూనా ప్రమాణంగా వెలువడింది 1984లో. ఐదో పొరకూ ఆరో పొరకూ ఉదాహరణ చెప్పమంటే పాఠం చెప్పేవాళ్ళే నీళ్ళు నములుతారు, నువ్వేమీ సిగ్గుపడక్కర్లేదు.

ఒక తెల్లకాగితం తీసుకో. నీ కంప్యూటర్, పక్కన స్విచ్ (లోపలి యంత్రాలను కలిపే పెట్టె), దాని తర్వాత రూటర్ (బయటి నెట్‌వర్క్‌కి దారి చూపే పెట్టె), అవతల ఇంకో రెండు మూడు రూటర్లు, చివర్న సర్వర్ గీసుకో. ఇప్పుడు బ్రౌజర్లో ఒక సైటు పేరు కొట్టి ఎంటర్ నొక్కావనుకో. నువ్వడిగింది ప్యాకెట్లుగా, అంటే చిన్న చిన్న ముక్కలుగా బయల్దేరాలి. పేరు పట్టుకుని ఎక్కడికీ వెళ్ళలేం, ఐపీ అడ్రస్, అంటే అంకెల చిరునామా కావాలి, దానికోసం పేరుకు అడ్రస్ చెప్పే డీఎన్ఎస్‌ను అడగాలి. వచ్చిన అడ్రస్ మన నెట్‌వర్క్ లోపలిదా, బయటిదా? సబ్‌నెట్ మాస్క్ ఉన్నది ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికే. బయటిదైతే గేట్‌వేకి, అంటే మన రూటర్‌కి అప్పగించాలి, కానీ ఆ రూటర్ మ్యాక్ అడ్రస్ (పరికరానికి ఉండే హార్డ్‌వేర్ చిరునామా) తెలియదు, కాబట్టి "ఈ ఐపీ ఎవరిదమ్మా?" అని లోపల అందరికీ వినపడేలా ఒక కేక వేయాలి. ఆ కేక పేరే ఏఆర్‌పీ. (నిజానికి డీఎన్ఎస్‌ను అడగడానికే ముందు ఈ కేక వేయాల్సి రావచ్చు. ఎందుకో నువ్వే ఆలోచించు.) ఆ తర్వాత సర్వర్‌తో టీసీపీ మూడు మాటల పలకరింపు, అది అయ్యాకే అసలు పని.

ఇందులో ఒక్క విషయం గట్టిగా పట్టుకో. దారిలో ప్రతి రూటర్ దగ్గరా మ్యాక్ అడ్రస్‌లు మారుతూ పోతాయి, ఐపీ అడ్రస్‌లు మాత్రం చివరిదాకా అవే. మ్యాక్ అనేది ఈ ఒక్క అడుగుకు, ఐపీ అనేది మొత్తం ప్రయాణానికి. ఇళ్ళలో ఉండే రూటర్లు నాట్ పేరుతో పంపేవాడి ఐపీని మార్చేస్తాయనుకో, ఆ గొడవ ఇప్పుడే బుర్రలోకి ఎక్కించుకోకు. ఈ బొమ్మ చూడకుండా పదిసార్లు గీయగలిగితే రెండో పొర (మ్యాక్), మూడో పొర (ఐపీ), నాలుగో పొర (టీసీపీ) ఎందుకున్నాయో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక స్పీడు. అందరూ బోల్తా పడేది ఇక్కడే, నేనూ పడ్డాను. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు, మెగాబైట్లు కాదు. ఎనిమిదితో భాగిస్తే 12.5 మెగాబైట్లు, అంటే ఒక జీబీ ఫైలు ఎంత బాగా నడిచినా 80 సెకన్లు పడుతుంది. ఇది లెక్క, తేలిగ్గానే వచ్చేస్తుంది. అంత తేలిగ్గా రానిది ఆలస్యం సంగతి. పైపు వెడల్పు వేరు, పొడవు వేరు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, కాబట్టి 10,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న సర్వర్‌కు పోయి రావడానికే 100 మిల్లీసెకన్లు కావాలి, నువ్వు ఎంత ఖరీదైన ప్లాన్ తీసుకున్నా సరే. భూస్థిర కక్ష్యలో ఉండే ఉపగ్రహమైతే 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న ఒకసారి పైకెక్కి దిగాలి, జవాబు మళ్ళీ పైకెక్కి దిగాలి, మొత్తం అర సెకను అయిపోతుంది. ఇందాకటి టీసీపీ పలకరింపుకి ఒక రాకపోక, హెచ్‌టీటీపీఎస్ తాళం వేసుకోవడానికి తక్కువలో తక్కువ ఇంకోటి, అసలు పేజీ అడగడానికి ఇంకోటి. ఒక్కోదానికి అర సెకను వేసుకుని చూడు, వెడల్పు ఎంతున్నా ఆ పేజీ ఎందుకు నత్తనడక నడుస్తుందో అర్థమవుతుంది. స్లోగా ఉందని ఎవరన్నా అంటే నువ్వు ముందు అడగాల్సింది ఇదే, ఇరుకా, దూరమా?

మూడో కారణం ఇంకోటుంది, రద్దీ. 1986 అక్టోబర్‌లో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య, అంతా కలిపి నాలుగు వందల గజాల దూరం, సెకనుకు 32 వేల బిట్లు పోవాల్సిన చోట 40 బిట్లకు పడిపోయింది. నలభై! లైను తెగలేదు, ఏదీ కాలిపోలేదు. ప్యాకెట్లు ఆలస్యమయ్యేసరికి పోయాయనుకుని అందరూ మళ్ళీ పంపడం, దాంతో రద్దీ ఇంకా పెరగడం, మళ్ళీ పంపడం, ఇదే తంతు. ఆ ల్యాబ్ పరిశోధకుడు వాన్ జాకబ్సన్ దాని వెంటపడి, తడబాటు కనపడగానే పంపేవాడే వేగం తగ్గించుకోవాలి, మళ్ళీ మెల్లగా పెంచుకోవాలి అనే పద్ధతులు టీసీపీలోకి తెచ్చాడు, 1988లో అచ్చు వేశాడు. మీ పుస్తకంలో స్లో స్టార్ట్ అని ఒక గ్రాఫ్ ఉంటుంది చూడు, అది ఆ నలభై బిట్ల దెబ్బకు పుట్టింది. ఈ కథ తెలియకుండా ఆ గ్రాఫ్ చదివితే నిద్రొస్తుంది.

నా ఘనకార్యం కూడా ఒకటి చెప్తాను. కొత్తలో ఒక ఆఫీసులో పనిచేసేటప్పుడు బల్ల కింద ఒక కేబుల్ కొస వేలాడుతుంటే, ఎవరో పీకేసి ఉంటారని ఖాళీగా ఉన్న పోర్ట్‌లో గుచ్చాను. రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంది. నిమిషం తిరక్కుండా అంతస్తు మొత్తానికి నెట్ పోయింది, స్విచ్ మీద దీపాలన్నీ ఒక్కసారిగా పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటున్నాయి. నేనేమో రూటర్ సెట్టింగులు తిరగేస్తూ రెండు గంటలు గడిపాను, ఆ టెన్షన్‌లో నేను పెట్టిన కేబులే గుర్తుకు రాలేదు. జరిగిందేమిటంటే, ఇందాక చెప్పిన ఏఆర్‌పీ కేకల్లాంటివి స్విచ్ అన్ని పోర్టులకూ పంపుతుంది, అవి ఆ కేబుల్‌లోంచి తిరిగొచ్చి మళ్ళీ అన్ని పోర్టులకూ పోతాయి, అంతం లేదు. ఐపీ ప్యాకెట్‌కైతే టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది, 255కి మించదు, ప్రతి రూటరూ ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే పారేస్తుంది. స్విచ్‌లు మోసే మూట, అంటే ఈథర్నెట్ ఫ్రేమ్‌కి అలాంటి ఆయుష్షు లేదు. ఇలాంటి చుట్లను కనిపెట్టి ఒక పోర్ట్ మూసేసే స్పానింగ్ ట్రీ అనే పద్ధతిని రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజినీర్ 1985లోనే తయారుచేసింది, మా స్విచ్‌లో దాన్ని ఎవరూ ఆన్ చేయలేదు, అంతే.

ఆ టీటీఎల్‌తోనే ఒక తమాషా కూడా చేయొచ్చు. ముందు 1 పెట్టి పంపితే మొదటి రూటర్ దగ్గరే చస్తుంది, "ఇక్కడ పోయింది" అని ఆ రూటర్ కబురు పెడుతుంది. 2 పెడితే రెండోది. దారిలోని రూటర్లను వరసగా చూపించే ట్రేస్‌రూట్ కమాండ్ చేసేది ఇదే. కొన్ని రూటర్లు కబురు పెట్టవు, అక్కడ నక్షత్రం గుర్తులు (*) కనిపిస్తాయి, అవి కనిపించినంత మాత్రాన దారి తెగినట్టు కాదు.

సబ్‌నెట్ లెక్కలకి చిట్కాలు వెతక్కు. ఒక ఇరవై లెక్కలు ఒకట్లూ సున్నాలూ వేసుకుని చేత్తో చెయ్యి, చాలు. స్లాష్ 26 (అడ్రస్‌లోని 32 బిట్లలో మొదటి 26 నెట్‌వర్క్‌వి) అంటే 64 అడ్రస్‌లు, అందులో మొదటిదీ చివరిదీ పోగా 62 అని తర్వాత నోటికే వస్తుంది.

ఇక పని. ఈ వారంలో వచ్చీపోయే ప్యాకెట్లను పట్టి చూపించే వైర్‌షార్క్ వేసుకో, ఉచితమే. నీ మెషీన్ మీద మాత్రమే పట్టు, వేరేవాళ్ళ నెట్‌వర్క్ జోలికి పోకు. క్యాప్చర్ మొదలుపెట్టి ఎన్ఎస్‌లుకప్ కమాండ్‌తో ఏదో ఒక సైటు పేరుకు అడ్రస్ అడుగు, బ్రౌజర్ అయితే కొన్నిసార్లు ఆ ప్రశ్నను కూడా దాచి పంపుతుంది, నీకు కనపడక కంగారు పడతావు. తర్వాత ఒక సైటు తెరువు. కుప్పలుగా లైన్లు వస్తాయి, అన్నీ అర్థం కావాలని కూర్చోకు. ఆ ఏఆర్‌పీ కేక, ఆ డీఎన్ఎస్ ప్రశ్న, ఆ టీసీపీ మూడు మాటల పలకరింపు, ఈ మూడూ వెతికి పట్టుకుని, నువ్వు గీసిన కాగితం పక్కన పెట్టి చూసుకో. ఏ లైను దగ్గర ఆగిపోయావో దాని ఫోటో పంపు, ఆదివారం పొద్దున ఖాళీగానే ఉంటాను.

బాబాయి