అన్నయ్య పోయాక ఆ పది నిమిషాలు

బుజ్జీ,

నిన్న ఫోన్లో పెద్దకర్మ ఏర్పాట్లు చెప్పావు, అమ్మ బీపీ మాత్రలు చెప్పావు, వదిన బ్యాంకు కాగితాలు చెప్పావు. నీ సంగతి ఒక్క ముక్కా చెప్పలేదు. నేనూ అడగలేదు. అందుకే ఈ ఉత్తరం.

పరామర్శకు వచ్చినవాళ్లు అమ్మ పక్కన కూర్చుంటారు, వదిన చెయ్యి పట్టుకుంటారు. చెల్లెలి చేతికి మాత్రం కాఫీ ట్రే వస్తుంది. మీ మావయ్య పోయినప్పుడు నాకూ అంతే. అప్పుడు నన్ను నిలబెట్టింది, నేను కాలేజీలో ఏళ్ల తరబడి పాఠంగా చెప్పిన ఇంగ్లీషు నవలా రచయిత్రి షార్లెట్ బ్రాంటీ. ఆమె రచనలు కాదు, ఆమె ఇల్లు.

ఇంగ్లండులో యార్క్‌షైర్ బీడుకొండల అంచున హవర్త్ అనే ఊళ్లో ఆమె తండ్రి చర్చి గురువు. తల్లీ, ఇద్దరక్కలూ ఆమె చిన్నప్పుడే పోయారు. 1848 సెప్టెంబరు 24న తమ్ముడు బ్రాన్‌వెల్ పోయాడు. డిసెంబరు 19న చెల్లెలు ఎమిలీ. మరుసటి ఏడు మే 28న ఆఖరిది, ఆన్. విక్టోరియా రాణి కాలంలో దుఃఖానికీ కొలతలుండేవి: భర్త పోతే రెండేళ్లు నల్లబట్టలు, తోబుట్టువు పోతే ఆరు నెలలు, ఉత్తరం రాసే కాగితానికీ నల్ల అంచు. షార్లెట్‌కు ఒకరి ఆరు నెలలు తీరకుండానే ఇంకొకరు పోయారు.

నీకు చెప్పాలనుకున్నది 1849 సెప్టెంబరు సంగతి. ఇంట్లో మిగిలింది ముసలి తండ్రి, మార్తా, ట్యాబీ అనే ఇద్దరు పనివాళ్లు. మార్తా జబ్బుతో మంచాన పడింది, బతకడం కష్టమని తండ్రి అప్పుడే అన్నాడు. షార్లెట్‌కు తలనొప్పి, వికారం. వంటింట్లోంచి కేక వినబడి పరిగెత్తితే, కాలు బాగాలేని ముసలి ట్యాబీ కుర్చీలోంచి లేవబోయి కింద పడి ఉంది, తల పొయ్యి కిందికి పోయి. ఆ రోజు షార్లెట్ కూలబడి పది నిమిషాలు ఏడ్చింది. స్నేహితురాలు ఎలెన్‌కు ఉత్తరంలో ఆ మాట రాస్తూ, వెర్రిదానిలా ఏడ్చానంది. ఆ ఒక్క మాట నేను ఒప్పుకోను. చెల్లెళ్ల కోసం ఏడవడానికి ఆ ఇల్లు ఆమెకు వేరే వేళ ఇవ్వలేదు, ఇంటిపని మధ్యలోనే వచ్చింది, ఏడ్చింది.

నువ్వూ ఏడు. తీరిక దొరికాక అనుకోకు, ఆ తీరిక రాదు. కుక్కర్ కూతల మధ్య వస్తే అక్కడే ఏడు. అమ్మ చూస్తే చూడనీ. నువ్వు గట్టిగా ఉంటే అమ్మకు ధైర్యమని అందరూ అంటారు. మీ మావయ్య పోయాక నేను అలా గట్టిగా ఉంటే, మా అమ్మ తన కొడుకు కోసం ఒక్కతే ఏడ్చింది. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

రాత్రిళ్లు ఎక్కువ కష్టం. ఆ అక్కచెల్లెళ్లు పనులయ్యాక భోజనాల బల్ల చుట్టూ నడుస్తూ తాము రాసేవాటి గురించి మాట్లాడుకునేవారట. తరవాత షార్లెట్ ఒక్కతే నడిచేది. నువ్వూ అన్నయ్యా తొమ్మిదింటికి ఫోన్ చేసుకునేవారు కదా. ఆ వేళకు నాకు చెయ్యి.

బీరువా సంగతి. బట్టలు తీసి ఎవరికైనా ఇచ్చేయమని తొందరపెట్టేవాళ్లు ఉంటారు. వదిన ఊ అనేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకు. షార్లెట్ చెల్లెళ్ల కాగితాలు ముందేసుకుని అచ్చుకు సిద్ధం చేసింది 1850లో. అప్పుడు కూడా కుంగిపోయింది.

ఇంకొకటి. పెద్దకర్మ కార్డులో వాడి పుట్టిన తేదీ తప్పు పడిందని నువ్వు గొడవ చేస్తే, ఇప్పుడదంతా ఎందుకని ఊరుకోమన్నారట. ఊరుకోకు. ఆన్ సమాధి స్కార్‌బరోలో, సముద్రం ఒడ్డున. 1852లో షార్లెట్ అక్కడికి మళ్లీ వెళ్లి, రాతి మీద తప్పులు చూసి, మళ్లీ చెక్కించింది. అయినా వయసు 29కి బదులు 28 అనే ఉండిపోయింది. నువ్వు కార్డు మళ్లీ వేయించు, డబ్బు నేను పంపుతాను.

వాడు ఆరో తరగతి వేసవి సెలవులు మా ఇంట్లో గడిపాడు, గుర్తుందా? అప్పుడు నీకు రాసి పోస్టు చెయ్యని కార్డు ఒకటి నా ట్రంకుపెట్టెలో ఉంది. ఆదివారం వస్తూ తెస్తాను.

నీ పెద్దమ్మ