గుల్లలు తీయడం ఏ నెలలో ఆపాలి? ముందు మీ ఉప్పుటేటి గుల్లని తెరిచి చూడండి

మీ ఊరి ఉప్పుటేరులో గుల్లలు ఏటేటా తగ్గిపోతున్నాయి, కేరళ అష్టముడి సరస్సులో లాగా డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ఆపేస్తే సరిపోతుందా అని అడిగారు. ఆపడం మంచిదే, కానీ ఆ నెలల్ని మాత్రం కాపీ కొట్టకండి.

నేను ఫిషరీస్ పీజీలో కాకినాడ అఖాతం బుడిత గుల్లల మీద పనిచేశాను. చిప్ప చూసి ఆడదో మగదో చెప్పలేం. తెరిచి, గుడ్లో వీర్యమో తయారయ్యే బీజకోశం నుంచి కొంచెం తీసి గాజు పలక మీద రాసి మైక్రోస్కోప్ కింద పెడితేనే గుడ్లో వీర్యకణాలో కనిపిస్తాయి. అలా నెలనెలా చూస్తున్న రోజుల్లో, అక్కడ గుల్లలు ఏరే ఒక మామ్మగారు నా బకెట్ చూసి, "ఇవి నీళ్ళ గుల్లలు బాబూ, బుట్టెడు ఉడకబెట్టినా గుప్పెడు మాంసం రాదు" అన్నారు. సాయంత్రం స్లైడ్లు చూస్తే గుడ్లన్నీ వదిలేసి దాదాపు అన్నీ ఖాళీగా ఉన్నాయి! అంతకుముందు నెల అవే గుల్లలు నిండుగా ఉన్నాయి, మాంసం బాగా వస్తుందని అందరూ ఎగబడి ఏరింది కూడా అప్పుడే. అంటే గుడ్లు వదిలే ముందే సగం గుల్లల్ని ఏరేశారన్నమాట. నాకు చాలా బాధేసింది.

అష్టముడిలో 1990లలో దిగుబడి పడిపోయాక సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు అక్కడి పసుపు గుల్ల ఎప్పుడు గుడ్లు పెడుతుందో చూసి, ఆ మూడు నెలలు ఆపాలన్నారు, వల కన్ను 30 మి.మీ. కంటే తగ్గకూడదన్నారు, ఎగుమతికి కిలో మాంసంలో 1400 ముక్కలకి మించకూడదన్నారు, అంటే మరీ చిన్నవి తీయకూడదని. గుల్లలు తీసేవాళ్ళు ఒప్పుకుని పాటించారు కాబట్టే 2014లో, నిల్వలు తరిగిపోకుండా పట్టేవాళ్ళకిచ్చే అంతర్జాతీయ ఎంఎస్‌సీ (మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్) సర్టిఫికెట్ వచ్చింది, మన దేశంలో అదే మొదటిది. కానీ వాళ్ళ వర్షాలు వేరు, మన దగ్గర గోదావరి వరద, అక్టోబర్ నవంబర్ వానలు వేరు. నీటిలో ఉప్పు మారితే గుడ్లు వదిలే కాలమూ మారుతుంది, జాతిని బట్టి కూడా మారుతుంది.

అందుకని ఒక ఏడాది పాటు నెలకోసారి చిన్నా పెద్దా కలిపి 30 గుల్లలు తెరిచి చూడండి. మైక్రోస్కోప్ కోసం దగ్గర్లోని డిగ్రీ కాలేజీ జువాలజీ వాళ్ళని అడగండి, అదీ కుదరకపోతే ప్రతి నెలా ఒకే సైజువి కిలో గుల్లలు ఉడకబెట్టి మాంసం తూచి రాసుకోండి, బరువు ఒక్కసారిగా ఎప్పుడు పడిపోయిందో దానికి కాస్త ముందే మీరు ఆపాల్సిన సీజన్. స్లైడ్లు చూడగలిగితే ఏ సైజు నుంచి గుడ్లు కనిపిస్తున్నాయో కూడా రాసుకోండి, ఎందుకంటే ఆ సైజు దాటి ఒక్కసారైనా గుడ్లు వదలకముందే తీసేస్తే ఎన్ని నెలలు ఆపినా లాభం లేదు. తినడానికి కొనేవాళ్ళు చిన్నవి వద్దంటారు, చిప్పలు కాల్చే సున్నం బట్టీకి మాత్రం ఏ సైజైనా ఒకటే, మీ దగ్గర అసలు గొడవ అక్కడే ఉండొచ్చు.

ఇంకో విషయం ఎవరూ పట్టించుకోరు. గుడ్లూ వీర్యమూ నీళ్ళలోకే వదులుతాయి, అక్కడే కలవాలి. గుల్లలు దూరదూరంగా మిగిలితే కలిసేవి చాలా తక్కువ. కాబట్టి ఒత్తుగా ఉన్న ఒక దిబ్బని సీజన్‌తో పని లేకుండా ఏడాదంతా ముట్టుకోకుండా వదిలేయండి. గుడ్ల నుంచి వచ్చే లార్వాలు రెండు మూడు వారాలు నీళ్ళలో కొట్టుకుపోతాయి కాబట్టి పిల్లలు మీ దిబ్బ మీదే పడతాయన్న గ్యారంటీ లేదు, పక్క ఊరి వాళ్ళనీ కలుపుకోవాలి.

ముందు మొదటి నెల స్లైడ్ల ఫోటోలు పెట్టండి, ఏది ఏ దశలో ఉందో నేను చూసి చెప్తాను.