కదిలే మనిషికి స్కాన్ తీసేటప్పుడు

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

మహారాణిపేటలో ఎం.ఆర్.ఐ. టెక్నీషియన్‌గా చేరావనీ, కాళ్లూ చేతులూ వాటంతటవే కదిలే రోగులు వస్తే బొమ్మలు చెదిరిపోతున్నాయనీ, మత్తు ఇప్పించవచ్చా అనీ రాశావు. మత్తు సంగతి తరువాత, ముందు రోగిని చూడడం నేర్చుకో. యంత్రంలోకి పంపేలోగా రెండు నిమిషాలు బల్ల పక్కన నిలబడి, కదిలేది ఏ వైపో, ఒక్క చెయ్యేనా లేక సగం శరీరమా, విసిరినట్లుందా మెలితిరుగుతోందా అన్నది ఫారం మీద రాయి. ఒకవైపే కదులుతుంటే లోపం సాధారణంగా మెదడులో రెండో వైపున ఉంటుంది. రిపోర్టు రాసే డాక్టరు చాలాసార్లు రోగిని చూడడు, నీ వాక్యమే ఆయనకు ఆధారం.

చాలా ఏళ్ల క్రితం భీమిలి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కుడి చెయ్యి ఆగకుండా ఎగిరిపడుతూ గాజులు బల్ల అంచుకు తగిలి చప్పుడవుతుంటే, సిగ్గుపడి ఎడమ చేత్తో దానిని కొంగు కింద అదిమిపెట్టుకుంటోంది. చీటీలో ‘ఫిట్స్’ అన్న మాట తప్ప మరేమీ లేదు. సి.టి.లో ఎడమ పుటామెన్, అంటే మెదడు లోతుల్లో కదలికలను అదుపుచేసే ఒక భాగం, తెల్లగా కనబడగానే రక్తస్రావమని నేను కంగారుపడ్డాను. ఎం.ఆర్.ఐ.లో తీసే బొమ్మల రకాలలో ఒకటైన టి1లోనూ అదే చోటు మెరిసింది గాని చుట్టూ వాపు లేదు, రక్తస్రావం కాదేమో అనిపించింది. షుగరు చూస్తే 400 దాటింది. షుగరు అదుపు తప్పిన వృద్ధులలో, ముఖ్యంగా స్త్రీలలో, ఇలా జరుగుతుంది. షుగరు దించితే చాలామందికి తగ్గుతుంది. ఆవిడ చెయ్యి కూడా కొన్ని వారాలలో నెమ్మదించింది. అందుకే ఇటువంటి రోగికి టి1 ఎన్నడూ వదలకు.

వణుకుతో, ముద్దమాటతో వచ్చే పిల్లలలో రాగి పేరుకునే విల్సన్ జబ్బును డాక్టర్లు అనుమానిస్తారు. కొందరిలో మధ్యమెదడు టి2 అనే మరో రకం బొమ్మలో పాండా ముఖంలా కనిపిస్తుంది. మందులకు లొంగే జబ్బు కాబట్టి ఆ బొమ్మ చెదరకూడదు. వంశపారంపర్యంగా వచ్చే హంటింగ్టన్ జబ్బులో, పుటామెన్ పక్కనే ఉండే కాడేట్ అనే భాగం కుంచించుకుపోతుంది. పార్కిన్సన్స్‌లో మామూలు ఎం.ఆర్.ఐ. తరచు బాగానే ఉంటుంది కనుక, “స్కాన్ బాగుంది, జబ్బు లేదు కదా” అని బంధువులు అడిగితే తల ఊపకు, డాక్టరు దగ్గరికి పంపు.

ఈ కదలికలు చాలామటుకు నిద్రలో తగ్గిపోతాయి. అయినా మత్తు డాక్టరూ, ఆ గదిలో వాడదగిన మానిటరూ లేకుండా మత్తుకు ఒప్పుకోకు. తలకు రెండు వైపులా స్పాంజి బిగించి, డాక్టరుకు తప్పనిసరైన బొమ్మలు ముందు తీసుకో. ఓపిక మొదటి పది నిమిషాలే. యంత్రం పెద్ద అయస్కాంతం కనుక, పుస్తెలతాడుకు పిన్నీసు ఉందేమో నువ్వే చూడు. అడిగితే లేదనే అంటారు, మీ అత్తయ్య కూడా అలాగే అంది!

వచ్చే ఆదివారం చెదిరిన బొమ్మలు రెండు, పేర్లు చెరిపి తీసుకురా.

మీ మామయ్య