పాత చేతి పనిముట్లు దూరదేశపు పనివారికి పనికొస్తాయా?

మీ మామగారు వదిలి వెళ్ళిన వడ్రంగి పనిముట్లు రెండు పెట్టెల నిండా ఉన్నాయనీ, ఇంట్లో వాటిని వాడేవారెవరూ లేరనీ, పేద దేశాల్లోని చేతివృత్తులవారికి పంపితే నిజంగా ఉపయోగపడతాయా అనీ, పంపేటట్లయితే పిడులపై చెక్కి ఉన్న ఆయన పేరు చెరిపేయాలా అనీ అడిగారు. ఇలాంటి పనిముట్లను సేకరించి, బాగుచేసి, ఆఫ్రికా దేశాలకు పంపే ఒక స్వచ్ఛంద బృందంలో నేను ఆరేళ్ళపాటు సెలవు రోజుల్లో పనిచేశాను కనుక, అక్కడ నేర్చుకున్నవీ, నా చేతుల మీదుగా జరిగిన తప్పులూ చెబుతాను.

ఉపయోగపడతాయి, కానీ విడివిడిగా కాదు. వడ్రంగం నేర్చుకుని బయటికి వచ్చిన కుర్రవాడికి రంపం, చిత్రిక, మూడు నాలుగు కొలతల ఉలులు, మూలమట్టం, సుత్తి, బరమా, సానరాయి అన్నీ కలిపి చేతిలో పడితేనే మర్నాడు పని ఒప్పుకోగలుగుతాడు. దాతల ఇళ్ళ నుంచి మాత్రం సుత్తులూ, స్క్రూడ్రైవర్లూ కుప్పలుగా వస్తాయి. చిత్రికలు, బెంచి వైసులు, సానరాళ్ళు ఎప్పుడూ తక్కువే. అందువల్ల మీ మామగారి పెట్టెను ఆయన సర్దుకున్న తీరులోనే ఉంచి ఇవ్వండి. ఒక పనివాడు ఏళ్ళ తరబడి ఏరికూర్చుకున్న సరంజామా అది. మంచివి కొన్ని తీసుకుని మిగిలినవి ఇద్దామనుకుంటే దానికున్న విలువలో సగం పోతుంది.

నా మొదటి తప్పు రంపాల విషయంలో జరిగింది. ఒక ఏడాది ముప్పైకి పైగా రంపాల తుప్పు వదిలించి, అద్దంలా మెరిసేలా నూనె పట్టించి పంపాను. కొన్ని నెలల తరువాత వాటిని అందుకున్న శిక్షణ కేంద్రం నుంచి చాలా మర్యాదగా రాసిన ఉత్తరం వచ్చింది: రంపాలు అందంగా ఉన్నాయి, కానీ కోయడం లేదు; పదును పెట్టుకుందామంటే తమ దగ్గర మూడంచుల ఆకురాయి లేదు. నేను రేకును చూశాను గానీ పళ్ళను చూడలేదు. ఆ తరువాత పళ్ళకు పదును పెట్టి, వాటిని ఒకటి విడిచి ఒకటి అటూ ఇటూ వంచి సరిచేసి, ప్రతి రంపంతోపాటు రెండు కొత్త ఆకురాళ్ళు జతచేయడం మొదలుపెట్టాము. పళ్ళ కొసలు నీలిరంగుకు తిరిగి ఉండే కొత్తరకం రంపాలను అసలు పంపకండి. వాటి పళ్ళను ఎంత గట్టిపరుస్తారంటే ఆకురాయి వాటి మీద జారిపోతుందే తప్ప అరగదీయదు, మొండిబారితే పారేయవలసిందే.

స్పానర్లదీ ఇటువంటి కథే. అంగుళాల కొలతవి, మిల్లీమీటర్ల కొలతవి ఒకే సంచిలో పోసి పంపితే అందుకున్న మెకానిక్‌కు అది సాయం కాదు, తలనొప్పి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు కాబట్టి ఆ స్పానర్ 13 మిల్లీమీటర్ల బోల్టు తలపైకి ఎక్కదు. ముప్పావు అంగుళానిది మాత్రం 19.05 మిల్లీమీటర్లు కావడంతో 19 మిల్లీమీటర్ల బోల్టుకు సరిపోతుంది. బండ్లలో ఎక్కువభాగం మిల్లీమీటర్ల కొలతలో ఉన్నచోటికి అంగుళాల సెట్టు పంపితే బోల్టు తలలు అరిగిపోవడం తప్ప ప్రయోజనం ఉండదు.

బాగుచేసే పనిలో మీరూ కొంత చేయవచ్చు. తుప్పు పట్టిన ఇనుప భాగాలను ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి, ఇనుప పీచుతో రుద్ది, వంటసోడా కలిపిన నీటితో కడిగి, వెంటనే పొడిగా తుడిచి నూనె రాయండి. కడిగి అలాగే వదిలేస్తే గంటలోనే మళ్ళీ తుప్పు కమ్ముతుంది. ఉలిని గ్రైండర్ మీద పెట్టేటప్పుడు మాత్రం మాటిమాటికీ నీళ్ళలో ముంచాలి, ఎందుకంటే గ్రైండర్ వేడికి అంచు నీలిరంగుకు తిరిగిందంటే ఉక్కు మెత్తబడిందన్నమాట, ఆ మేరకు అంచును అరగదీసి పారేయడం తప్ప దారిలేదు. మేము అనుభవం లేనివారిని గ్రైండర్ దగ్గరికి రానిచ్చేవాళ్ళం కాదు. సానరాయి నెమ్మదిగా పనిచేస్తుంది గానీ ఏ ఉలినీ పాడుచేయదు. రాళ్ళూ ఇనుమూ కొట్టే ఉలుల తలలు పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే ఆ అంచులను తప్పక అరగదీయాలి. సుత్తి దెబ్బకు అక్కడినుంచి ఉక్కు ముక్క ఎగిరితే కన్ను పోతుంది.

విద్యుత్తుతో నడిచే పనిముట్లు చేతి పనిముట్లతో కలపకండి. కరెంటు ఉండని చోట అవి బరువే. చేత్తో లేదా కాలితో తొక్కి నడిపే కుట్టుమిషను ఇంట్లో మూలపడి ఉంటే మాత్రం ఇవ్వండి, దానికోసం ఎదురుచూసే దర్జీలు ఎప్పుడూ ఉంటారు.

ఇక ఎవరికివ్వాలన్నది. బ్రిటన్‌లో టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్, వర్కెయిడ్ వంటి సంస్థలు 1980ల నుంచి ఈ పనే చేస్తూ వచ్చాయి. అవతలి శిక్షణ కేంద్రాలు ఏమడిగాయో తెలుసుకుని, అందుకు తగినట్లు పెట్టెలు కూర్చి పంపే సంస్థను ఎంచుకోండి. అడగకుండా పంపేవారిని నేను నమ్మను. స్వయంగా పార్సెల్ చేయాలన్న ఆలోచన మానుకోండి. ఓడరేవు ఖర్చులూ, కస్టమ్స్ సుంకమూ చాలాసార్లు అందుకునేవాడి నెత్తిన పడతాయి. చెక్కపెట్టెలో సర్దినా చిక్కే: పురుగులు దేశాలు దాటకుండా, మామూలు కోత చెక్కతో చేసిన పెట్టెలను లోపలి భాగం వరకు 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచడం వంటి శుద్ధి జరిపి, ఆ ముద్ర వేసి ఉండాలని అంతర్జాతీయ నిబంధన ఉంది, ప్లైవుడ్ పెట్టెకు ఆ బాధ లేదు. దగ్గరలో అలాంటి సంస్థ ఏదీ లేకపోతే, పనిముట్లను విలువ తెలిసిన వడ్రంగికి అమ్మి ఆ డబ్బును శిక్షణ కేంద్రాలకు ఇవ్వడమే నా లెక్కలో మేలు, ఎందుకంటే రెండు పెట్టెల రవాణాకయ్యే డబ్బుతో అక్కడే కొన్ని కొత్తవి కొనవచ్చు.

పేరు చెరిపేయకండి. పిడిని గీకితే ఏళ్ళ వాడకంతో చేతికి అమరిన నునుపు పోతుంది, తీసుకునేవాడికి పేరుతో ఇబ్బందీ లేదు. నా చేతుల మీదుగా వెళ్ళిన ఒక కొయ్య చిత్రికపై అప్పటికే ముగ్గురు యజమానుల పేర్లు వరుసగా అచ్చుగుద్ది ఉన్నాయి, నాలుగో పేరుకు చోటు కూడా ఉంది.