ఏడు నెలలుగా చర్చికి వెళ్లట్లేదు అక్కా, నేను విశ్వాసం వదిలేసినట్టేనా?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లె. నాకు 29 ఏళ్లు, పెళ్లయి నాలుగేళ్లు. మా ఆయన చర్చిలో కీబోర్డ్ వాయిస్తారు, మా అత్తయ్య స్త్రీల సమాజం లీడర్. నాకు ఎనిమిదో నెల నిండాక కడుపులో బాబు కదలడం ఆగిపోయింది, స్కాన్ తీసి గుండె కొట్టుకోవట్లేదన్నారు. వాడి మొహం కూడా నాకు చూపించలేదు, నేను ఆస్పత్రి బెడ్ మీద ఉండగానే మా ఆయనా ఒక సంఘ పెద్దా తీసుకెళ్లి సమాధుల తోటలో పెట్టేసి వచ్చారు. ఇంటికి పరామర్శకి వచ్చినవాళ్లలో ఒకావిడ "ఎక్కడో తలుపు తెరిచి ఉంటుందమ్మా, నిన్ను నువ్వు పరీక్షించుకో" అంది, అంటే నా పాపం వల్లే ఇలా జరిగిందని. రెండు నెలలాగి చర్చికి వెళ్తే, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల టైమ్‌లో, నాతోపాటే నెలలు లెక్కపెట్టుకున్న అమ్మాయి బిడ్డని ఎత్తుకుని నిలబడి "మేం ప్రార్థన చేశాం కాబట్టి దేవుడు కాపాడాడు" అని చెప్పింది. నేను లేచి వచ్చేశా. మళ్లీ వెళ్లలేదు, ఏడు నెలలైంది. సంఘంలో తలెత్తుకోలేకపోతున్నాం అంటుంది అత్తయ్య. మా ఆయన ఏమీ మాట్లాడరు, ఆదివారం కీబోర్డ్ బ్యాగ్ భుజాన వేసుకుని వెళ్లిపోతారు, ఆయనకసలు బాధే లేదేమో. మోకాళ్లూనినా నాకు నోట మాట రావట్లేదు. రాత్రి మూడింటికి మెలకువొస్తే ఇక నిద్ర ఉండదు. ఒక్కోసారి నేను కూడా వాడి దగ్గరికే పోతే బాగుండనిపిస్తుంది. నేను విశ్వాసం వదిలేసినట్టేనా? చర్చి మారాలా?

జవాబు: అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు.

చర్చి సంగతి తర్వాత, ముందు నీ ఉత్తరంలో చివర్లో దాచినట్టు రాసిన మాట గురించి. వాడి దగ్గరికే పోతే బాగుండు అన్నావు చూడు, ఆ ఆలోచన ఊరికే వచ్చి పోతోందా, లేక ఎలా పోవాలి ఎప్పుడు పోవాలి అనేదాకా వెళ్తోందా? రెండోదైతే ఈ జవాబు పూర్తిగా చదవక్కర్లేదు, ఇప్పుడే మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ మాట ఆయనకి చెప్పు, ఒంటరిగా ఉండకు, దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. మొదటిదే అయినా 14416కి ఫోన్ చెయ్యి, అది టెలీ మానస్, గవర్నమెంట్ వాళ్లది, ఫ్రీ, రాత్రి మూడింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. నీకు మెలకువొచ్చే టైమ్ అదే కదా.

తర్వాత డాక్టర్. ఇన్ని నెలలుగా నిద్ర లేకపోవడం, ఏ మాటా రాకపోవడం, ఇదంతా ఆత్మీయంగా పడిపోవడమే అనుకుంటున్నావు నువ్వు. బిడ్డ పోయిన తల్లికి కూడా బాలింతలకొచ్చే డిప్రెషన్ వస్తుంది, ఆ సంగతి చాలామందికి తెలీదు, ఎందుకంటే ఒళ్లో బిడ్డ లేకపోయేసరికి ఎవరూ నిన్ను బాలింతలాగా చూడలేదు. పాలు మాత్రం వచ్చే ఉంటాయి కదా, ఆ పది పదిహేను రోజులు ఎలా గడిపావో నేను ఊహించుకోగలను. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా చేసినా, రక్తం తక్కువైనా మనిషి ఇలాగే చతికిలపడిపోతుంది, కాబట్టి గైనకాలజిస్ట్ దగ్గరికెళ్లి థైరాయిడ్, హిమోగ్లోబిన్ టెస్టులు చేయించమని అడుగు, సైకియాట్రిస్ట్‌కి రాసిస్తే వెళ్లు. మాత్రలు వేసుకుంటే విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే, మీ అత్తయ్య బీపీ మాత్ర వేసుకునే ఉపవాస ప్రార్థన నడిపిస్తుందో లేదో ఒకసారి చూడు (ఆ వయసు లీడర్లలో నాకు తెలిసినవాళ్లంతా అంతే). సువార్త రాసిన లూకా డాక్టరు, పౌలు ఆయన్ని ప్రియుడైన వైద్యుడు అనే రాశాడు.

ఇక ఆ తలుపు మాట. కడుపులో బిడ్డ పోవడానికి మాయ సరిగా పనిచేయకపోవడం, బీపీ, షుగర్, ఇన్ఫెక్షన్, పేగు చుట్టుకోవడం, ఇలా చాలా ఉంటాయి, అన్ని పరీక్షలు చేసినా ఏ కారణమూ దొరకని కేసులూ చాలా ఉంటాయి. నువ్వు ఏ తలుపూ తెరవలేదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి వీడు పాపం చేశాడా వీడి అమ్మా నాన్నా చేశారా అని శిష్యులడిగితే యేసయ్య ఇద్దరూ కాదన్నాడు, యోహాను తొమ్మిదో అధ్యాయం, మన సంఘాల్లో సండే స్కూల్ పిల్లలకి కూడా వచ్చు ఆ కథ, పెద్దయ్యాక ఎందుకు మర్చిపోతామో నాకు అర్థం కాదు. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన ఫ్రెండ్స్ కూడా మొదట ఏడు రోజులు నేల మీద పక్కన కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు, వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే అంతా పాడైంది, చివరికి దేవుడికి కోపం వచ్చింది యోబు మీద కాదు, దేవుడి తరఫున మాట్లాడుతున్నాం అనుకున్న ఆ ముగ్గురి మీద.

ఆ అమ్మాయి సాక్ష్యంలో తప్పు లేదు, తన సంతోషం తనది. కానీ 'కాబట్టి' అన్న ఆ ఒక్క మాట ఉంది చూడు, అది నీ వైపు తిరిగి, నువ్వు ప్రార్థన చేయలేదు కాబట్టి అని వినపడింది. తనకి తెలిసి అనలేదు. నువ్వు లేచి వచ్చేయడంలోనూ తప్పు లేదు.

నోట మాట రావట్లేదని విశ్వాసం పోయిందనుకోకు. కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఏడుపులూ ఫిర్యాదులే, 88వ కీర్తన తీసి చూడు, మిగతా వాటిలాగా చివర్లో స్తుతితో కూడా ముగియదు, చీకటే నాకు బంధువైంది అని అక్కడే ఆగిపోతుంది. దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. నీకు ప్రార్థన రాని రోజు అది బయటికి చదువు, అదీ ప్రార్థనే. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని చెట్టు కింద పడుకుంటే దేవదూత వచ్చి క్లాసు పీకలేదు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి తినమన్నాడు, ఆయన తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు, లేపి మళ్లీ పెట్టాడు.

నా సంగతి ఒకటి చెప్తా. మా అమ్మ క్యాన్సర్‌తో పోయాక నేను రెండేళ్లు చర్చిలో ప్రభు బల్ల, ఆ రొట్టె, ద్రాక్షరసం, తీసుకోలేదు. మా సంఘమంతా స్వస్థత అయిపోయింది అని ముందే కృతజ్ఞత కూడిక కూడా పెట్టేశారు, బిర్యానీలు వండారు, తర్వాత ఆరు వారాలకి అమ్మ పోయింది, ఆ కూడికలో మైక్ పట్టుకున్నవాళ్లలో ఒక్కరు కూడా ఆ తర్వాత నా మొహం సూటిగా చూడలేదు. వాళ్లకి సిగ్గేసిందని ఇప్పుడు అర్థమవుతుంది, అప్పుడు మాత్రం నా మీద అసహ్యమనుకున్నా. ఒకే ఒక్క పెద్దమ్మ ప్రతి బుధవారం మధ్యాహ్నం వచ్చేది. టిఫిన్ క్యారియర్‌లో పప్పుచారు, వంకాయ కూర తెచ్చేది, వచ్చి నేల మీద గోంగూర కట్ట విప్పుకుని ఆకు దూస్తా కూర్చునేది, నేను ఏడిస్తే ఏడవనిచ్చేది, ప్రార్థన చేయనా అని మొదటి నాలుగు నెలలు ఒక్కసారీ అడగలేదు. ఐదో నెలలో నేనే అడిగా, చెయ్యి పెద్దమ్మా అని. గోంగూర జిగురు చేతులతోనే నా తల మీద చెయ్యి పెట్టి "ప్రభువా, దీన్ని చూస్తున్నావు గదా" అంది, అంతే, ఆమేన్ కూడా అన్నట్టు లేదు.

అందుకే చెప్తున్నా, నువ్వు చర్చికి తిరిగి వెళ్లాలా వద్దా అనే ప్రశ్న పక్కన పెట్టు. మీ సంఘంలో అంతమందిలో నీకు ఒక్క మనిషి ఎవరు? అది వెతుకు. ఎవరి మాట గుచ్చుకుందో అన్నీ గుర్తున్నాయి నీకు, సహజమే, కానీ ఆ రోజుల్లో మాట్లాడకుండా అన్నం తెచ్చిపెట్టి వెళ్లినవాళ్లు, గిన్నెలు కడిగి వెళ్లినవాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఆవిడకి ఫోన్ చేసి ఒకసారి ఇంటికి రామ్మా అను. నువ్వు మళ్లీ లోపలికి వెళ్లే దారి గుడి పెద్ద గుమ్మం కాదు, ఆవిడే.

మీది ఒంగోలు వైపే కాబట్టి ప్రార్థన కొండ కథ చిన్నప్పటి నుంచి వినే ఉంటావు. 1854 జనవరి 1న తెల్లారకముందే ఆ కొండెక్కి మోకాళ్లూనినవాళ్లు అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీలు జూయెట్ దంపతులతో కలిపి ఐదుగురే, అప్పటికి అమెరికాలో వాళ్ల మిషన్ వాళ్లే ఈ తెలుగు పని మూసేద్దామా అని చర్చించుకుంటున్నారు. అదే మిషన్‌కి చెందిన క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో, అంటే పన్నెండేళ్లకి. తర్వాత 1876-78 కరువు వచ్చినప్పుడు ఆయన బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కాంట్రాక్ట్ తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి ఇప్పించాడు, కూటి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలైలో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారని స్టేజీల మీద గొప్పగా చెప్పుకుంటాం గానీ, దానికి ముందు పలుగూ పారా, కూలి డబ్బులూ ఉన్నాయని చెప్పం. ఆ కాలవ గట్టు మీద ఆకలితో వచ్చినోళ్లని ఏం పాపం చేసి ఈ కరువొచ్చింది మీకు అని అడిగితే ఒక్కడు కూడా మిగిలేవాడు కాదని నా అభిప్రాయం.

మీ ఆయన గురించి. బాధ లేదు అని రాశావు. నాకలా అనిపించలేదు. ఆ చిన్న పెట్టె చేతుల్లో మోసింది ఎవరు? వాడి మొహం చూసింది ఎవరు? పరామర్శకి వచ్చిన వాళ్లంతా నిన్ను చూడ్డానికి లోపల గదిలోకి వెళ్లారు, బయట వరండాలో కుర్చీలు వేస్తా ఉన్న మనిషిని నువ్వెలా ఉన్నావురా అని ఎవరైనా అడిగారా? కొంతమంది మగవాళ్లు వేళ్లు కదులుతూ ఉంటేనే నిలబడగలుగుతారు, బహుశా ఆ కీబోర్డ్ ముందు కూర్చునే ఆ గంటన్నర ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు, అందుకే వెళ్తున్నాడేమో. ఒక రాత్రి లైట్ తీసేశాక అడుగు, వాడు ఎలా ఉన్నాడు, ఎవరి పోలిక అని. మొహం చూసుకుంటూ అడిగితే చెప్పలేకపోవచ్చు, చీకట్లో అడిగితే చెప్తాడు. వెంటనే చెప్పకపోతే ఒత్తిడి చేయకు.

ఇంకోటి గమనించావా, మీ ఇంట్లో బాబుకి ఆదరణ కూడిక జరగలేదు. ఎనభై ఏళ్ల తాత పోతే షామియానా వేసి, పాటల పుస్తకాలు పంచి, భోజనాలు పెట్టి జ్ఞాపకార్థ కూడిక చేస్తారు, నువ్వు ఎనిమిది నెలలు మోసిన వాడికి పేరు పెట్టలేదు కదా అని ఏమీ చేయలేదు. ఇప్పుడు చేసుకోవచ్చు, ఆలస్యమేమీ లేదు. షామియానా వద్దు. మీ ఇద్దరూ, మీ అమ్మా నాన్నా, అత్తయ్య, ఆ ఒక్క మనిషి, పాస్టర్ గారూ పాస్టరమ్మ గారూ, చాలు. వాడి పేరు పైకి చెప్పండి, ఒక పాట, ఒక వాక్యం. మీ ఆయన్నే వాయించమను. తర్వాత ఇద్దరూ కలిసి సమాధుల తోటకి వెళ్లండి, నీకింకా ఆ చోటు చూపించలేదు కదా, చూడాలనిపిస్తేనే వెళ్లు.

దీని గురించి పాస్టర్ గారితో మాట్లాడడానికి ఇద్దరూ కలిసి వెళ్లండి, పాస్టరమ్మ గారు కూడా కూర్చుంటే మంచిది. ఆవిడ ఇలా అంది ఈవిడ అలా అంది అని పేర్లు చెప్పకు, సంఘంలో పేర్లు బయటికొస్తే అసలు విషయం పోయి పంచాయితీ అవుతుంది, నీకు తెలుసు. "అయ్యగారూ, ఇది నా పాపం వల్ల అన్నారు, ఆ మాటతో నేను లోపలికి రాలేకపోతున్నా" అని చెప్పి ఆగు. ఆయన బాధపడి పక్కన నిలబడితే నువ్వు చర్చి మారక్కర్లేదు, రోమా పత్రికలో ఏడ్చువారితో ఏడువుడి అని ఉందే గానీ ఏడ్చేవాళ్లకి కారణం వెతకమని లేదు, మంచి కాపరికి ఆ తేడా తెలుస్తుంది. ఆయన కూడా అవునమ్మా పరీక్షించుకో అంటే మాత్రం నిస్సంకోచంగా వేరే సహవాసానికి వెళ్లు, అది పాపం కాదు, నేనూ మారినదాన్నే.

అత్తయ్యకి ఒక్క మాట చాలు. "అత్తయ్యా, నేను దేవుణ్ణి వదల్లేదు, ఇంకా కోలుకోలేదు, కాలు విరిగితే నడవమంటారా?" అను. పోట్లాటగా కాదు, కాఫీ గ్లాసు చేతికిస్తూ. ఆవిడ కూడా మనవణ్ణి పోగొట్టుకుంది, తలెత్తుకోలేకపోతున్నాం అనడం బహుశా ఆవిడకి తెలిసిన ఏడుపు. అయినా రోజూ అదే అంటుంటే మీ ఆయనే చెప్పాలి, తల్లికి కొడుకు చెప్తేనే ఎక్కుతుంది.

వెళ్లాలనిపించిన రోజు ఆదివారం ఆరాధనతో మొదలుపెట్టకు, ఎవరింట్లోనైనా కాటేజ్ మీటింగ్ ఉంటే దానికి వెళ్లు, పది మందే ఉంటారు. తర్వాత ఆదివారమైతే పసిపిల్లల్ని ముందుకు తెచ్చి దేవుడికి అప్పగించే పిల్లల ప్రతిష్ఠ ఉన్న వారం కాకుండా చూసుకో, పాస్టరమ్మ గారిని అడిగితే చెప్తారు. ఆడవాళ్ల వైపు చివరి చాప మీద తలుపు పక్కన కూర్చో, ఆ ఒక్క మనిషి నీ పక్కన ఉండాలి, సాక్ష్యాల టైమ్‌కి ఇద్దరూ బయటికొచ్చేయండి, ఎవరేమనుకుంటారో ఆవిడ చూసుకుంటుంది. పాట పాడలేకపోతే పాడకు. చుట్టూ పాడుతున్నవాళ్లు ఆ వారం నీ వంతు కూడా పాడతారు, సంఘం ఉన్నది అందుకే కదా.

ముందు 14416, తర్వాత డాక్టర్, ఆ తర్వాతే మిగతావన్నీ.

ఉత్తరమంతా బాబు, వాడు అనే రాశావు. వాడికి ఏ పేరు అనుకున్నారో రాయలేదు. చెప్పాలనిపించిన రోజు మళ్లీ రాయి.